శిబిరద్వారమున కృపుడు

ఖరగ్‌పూర్ పేరు వినగానే తెలుగువానికి తోచేది రైలు. 1902 నుండి బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ పట్టాలు వాల్తేరు దాకా సాగినవి. ఆ పట్టాల వెంటనే శ్రీకాకుళం, విశాఖపట్టణం సీమల జనం ఉత్తరానికి తరలి, కంపెనీ కార్ఖానాలో ఫిట్టర్లుగా, బాయిలరు పనివారుగా, కళాసీలుగా, గుమాస్తాలుగా కుదురుకొన్నారు. వంగదేశంలో తెలుగు గుడులు, తెలుగు బడులు, తెలుగు పేటలు వెలసినవి. ఈ కథ మనవారికి పరిచితమే. అయితే ఆ ఊరికి ఇంకొక చరిత్ర కూడ ఉన్నది. స్టేషనుకు కొద్ది మైళ్ల దూరంలో, హిజ్లీ అనే చోట, గోపురం వంటి ఎత్తైన నడిమి కట్టడంతో ఒక పెద్ద భవనం నిలిచి ఉన్నది. కొత్తగా ఏర్పడుతుందనుకొన్న జిల్లాకు కచ్చేరీగా దానిని కట్టినారు. ఆ జిల్లా ఏర్పడలేదు. ఆ భవనం మొదట నిర్బంధశిబిరమైనది, పిదప ఒక మహాయుద్ధసేనకు ప్రధాన కార్యాలయమైనది, తుదకు విద్యాలయమైనది. ఆయుధం చేతబట్టినవాడు ధర్మాన్ని ఏ మేరకు ఎరుగును, ఎరిగినదానిని ఏ మేరకు పాటించును అని విచారించదలచినవారికి ఇంతకంటె తగిన ఇల్లు మన దేశంలో అరుదు.

యుద్ధధర్మాన్ని వ్రాసేవారు పండితులు, న్యాయవేత్తలు. దానిని పాటించవలసినవాడు సిపాయి. ఈ ఇద్దరి నడుమ ఉన్న దూరాన్ని మన భారతం చూపినంత నిర్దయగా మరి ఏ గ్రంథమూ చూపలేదని నా అభిప్రాయం. భీష్మపర్వారంభంలో ఉభయపక్షాలవారు ఒక సమయం చేసికొన్నారు. రథికుడు రథికునితోనే పోరవలె. వెన్నిచ్చినవానిని, ఆయుధం లేనివానిని, మరియొకనితో పోరుతున్నవానిని కొట్టరాదు. సారథులను, బరువులు మోసేవారిని, భేరీశంఖాలు వాయించేవారిని చంపరాదు. పదునెనిమిది దినాలలో ఈ నియమాలు ఒక్కొక్కటే ఎట్లు జారిపోయినవో అందరికీ తెలిసినదే. అన్నిటికంటె దారుణమైనది చివరి రాత్రి జరిగినది.

సౌప్తికపర్వంలోని ఆ రాత్రిని తిక్కన చదువరులకు నేను వర్ణించనక్కరలేదు. మఱ్ఱిచెట్టు మీద నిద్రించే కాకులను గుడ్లగూబ చంపుట చూచి, అశ్వత్థామకు నిద్రించే శత్రువులను చంపే ఆలోచన తట్టినది. కృపాచార్యుడు వారించినాడు. ఈ రాత్రి విశ్రమించు, ధృతరాష్ట్రుని, గాంధారిని, విదురుని అడుగుదము, తెల్లవారిన పిదప ఎదురుగా పోరాడుదము అని హితవు చెప్పినాడు. అశ్వత్థామ ప్రత్యుత్తరం సూటియైనది: ధర్మసేతువును మొదట తెగగొట్టినవారు వారే. భీష్ముని, ద్రోణుని, కర్ణుని, దుర్యోధనుని ఎట్లు కూల్చినారో తలచుకొమ్మన్నాడు. ఆ వాదాన్ని కృపుడు ఒప్పుకొనలేదు. అయినను వెంట వెళ్లినాడు. అశ్వత్థామ లోపల చంపుతూ ఉండగా, బయటికి పారివచ్చినవారిని శిబిరద్వారం వద్ద నిలిచి చంపినవారు ఇద్దరు: కృతవర్మ, కృపుడు.

కృపుని హితవు మనకు గుర్తుంటుంది. అతడు ఆ రాత్రి నిలిచిన చోటు అంతగా గుర్తుండదు. ధర్మం తెలియని సిపాయిని గూర్చి వ్రాయుట సులభం. తెలిసి, నోరు తెరచి చెప్పి, పిదప ద్వారం వద్ద నిలిచినవానిని గూర్చి వ్రాయుటే కష్టం. ఖరగ్‌పూర్ చరిత్రలో నాకు మాటిమాటికి ఎదురయ్యేవాడు ఇతడే.

మొదట రైల్వే సంగతి. ఆ రోజులలో మన దేశంలో ఆక్సిలియరీ ఫోర్సు అనే సహాయకసేన ఉండేది. 1920లో ఏర్పడిన ఈ సేనలో చేరినవారు ఐరోపీయులు, ఆంగ్లో-ఇండియన్లు. రైల్వే కంపెనీలకు ప్రత్యేకమైన పటాలాలు ఉండేవి. బెంగాల్-నాగపూర్ రైల్వేకు కూడ ఒకటి ఉన్నది. అనగా పగలు కార్ఖానాలో పని పురమాయించే ఉద్యోగియే అవసరమైనప్పుడు ఖాకీ తొడిగి తుపాకి పట్టేవాడు. 1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు వారికి ఎదురుగా సాయుధులై నిలిచినవారిలో పోలీసులతోపాటు ఈ సహాయకసేనవారూ ఉన్నారు. శత్రువు పరదేశి కాడు. నిన్నటిదాకా తన పక్కన సుత్తి ఎత్తినవాడే. ఆ మరుసటి ఏడు తొలగింపులకు వ్యతిరేకంగా ఇదే రైల్వే కార్మికుల సమ్మెను అహింసాపద్ధతిలో నడిపి గెలిపించినవారు వరాహగిరి వేంకటగిరిగారు. ఆయుధం లేని పక్షంవారు నియమం పాటించినారన్నమాట. దానికి కావలసిన శిక్షణ ఏ పరేడు మైదానంలోనూ దొరకదు.

1930లో హిజ్లీ భవనం నిర్బంధశిబిరమైనది. విప్లవోద్యమంలో ఉన్నారని అనుమానించిన యువకులను విచారణ లేకుండానే అక్కడ ఉంచినారు. వారిని డెటిన్యూలు అనేవారు. కాపలాకు సాయుధ పోలీసు సిపాయిలు. 1931 జులైలో అలీపూర్ జడ్జి గార్లిక్‌ను ఒక యువకుడు కాల్చి చంపినాడు. ఆ వార్తకు హిజ్లీలో సంతోషసూచకంగా దీపాలు వెలిగినవని చెప్పుకొన్నారు. శిబిరాధికారులకూ బందీలకూ నడుమ మాట ముదిరినది. సెప్టెంబరు 16వ తేదీ రాత్రి, తొమ్మిదిన్నర ప్రాంతంలో, సిపాయిలు భవనం మీద కాల్పులు సాగించినారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త మరణించినారు. ఇంకను అనేకులు గాయపడినారు.

బందీలే పహరావాని మీద పడినారని మొదట ప్రకటన వెలువడినది. ప్రభుత్వమే నియమించిన విచారణసంఘం ఆ మాటను నిలువనీయలేదు. ఆ సంఘంలో ఇద్దరు సభ్యులు, మల్లిక్, డ్రమండ్ అనేవారు. ఇరువదితొమ్మిది గుండ్లు పేలినవని, భవనం మీద విచక్షణ లేకుండా కాల్చుటకు ఏ సమర్థనయూ లేదని, కొందరు సిపాయిలు లోపలికి చొరబడి బందీలను గాయపరచుటకు అంతకన్న సమర్థన లేదని వారు తేల్చినారు. ఈ చివరి వాక్యంలో నన్ను ఆపినది 'కొందరు' అనే మాట. లోపలికి వెళ్లినవారు కొందరైతే వెళ్లనివారు మరికొందరు. బయట నిలిచినవారు ధర్మం తలచి నిలిచినారా, ద్వారం కాచి నిలిచినారా? కృపుని స్థానం అదే.

ఈ సిపాయిలు యుద్ధభూమిలో లేరు. వారిది కాపలా ఉద్యోగం. కనుక యుద్ధధర్మం వారికి వర్తించదని వాదించేవారు ఉండవచ్చును. నేను అంగీకరించను. చేతికి చిక్కినవాడు, ఆయుధం లేనివాడు, తలుపు మూసిన గదిలో ఉన్నవాడు అవధ్యుడనుట యుద్ధధర్మానికి మొదటి మెట్టు. పోరాటంలో సైతం చెల్లని పని కాపలాలో ఎట్లు చెల్లును? పైగా ఆనాటి చట్టం కూడ మూగది కాదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు, గుంపులను చెదరగొట్టుటకు సైన్యాన్ని పిలిచినప్పుడు సైతం సాధ్యమైనంత తక్కువ బలం వాడవలెనని, సాధ్యమైనంత తక్కువ హాని చేయవలెనని శాసించినది. అయితే అదే కోడు, తాను పాటించక తప్పని ఆజ్ఞకు లోబడి చేసిన పనికి సిపాయిని నేరస్థునిగా ఎంచరాదని కూడ చెప్పినది. ఒక చేత పగ్గం, ఒక చేత అభయం. సిపాయికి ఆ రెండింటిలో ఏది గుర్తుండునో ఊహించుట కష్టం కాదు.

మృతదేహాలను తీసికొనిపోవుటకు సుభాస్ చంద్ర బోసు హిజ్లీకి వచ్చినారు. సెప్టెంబరు 26న కలకత్తాలో ఆక్టర్‌లోనీ స్తంభం కింద జరిగిన నిరసనసభకు రవీంద్రనాథ ఠాకూరు అధ్యక్షత వహించినారు. అప్పటికి ఆయనకు డెబ్బది ఏండ్లు, ఆరోగ్యం అంతంతమాత్రం. రాజకీయసభలకు చాలకాలంగా దూరంగా ఉన్న కవి ఆ దినం మైదానంలో వేలాదిజనం నడుమ నిలిచినారు. రచయితలమైన మనకు ఇది గుర్తుంచుకొనదగిన తేదీ.

హిజ్లీకి ఏడాదిన్నర ముందు, దేశానికి ఆ చివర, ఇందుకు పూర్తిగా విరుద్ధమైన ఘట్టం జరిగినది. దానిని పక్కన పెట్టి చూడనిదే హిజ్లీ సిపాయిని అర్థం చేసికొనలేము. 1930 ఏప్రిలు 23న పెషావర్‌లో కిస్సాఖ్వానీ బజారులో గుమికూడిన నిరాయుధజనం మీద సైన్యం కాల్పులు జరిపినది. చాలమంది చనిపోయినారు. ఆ సందర్భంలోనే రాయల్ గఢ్వాల్ రైఫిల్సుకు చెందిన రెండు ప్లాటూన్లు కాల్చుటకు నిరాకరించినవి. వారికి నాయకుడు చంద్రసింగ్ అనే హవల్దారు. సైనికన్యాయస్థానంలో బారిస్టరు ముకుందీలాల్ వారి పక్షాన వాదించినారు. చంద్రసింగ్‌కు యావజ్జీవశిక్ష పడినది. 1941లో గాని అతడు విడుదల కాలేదు.

దేశమంతా ఆ గఢ్వాలీలను కొనియాడినది. గాంధీగారు కొనియాడలేదు. ఒక ఫ్రెంచి పత్రికారచయిత అడిగినప్పుడు ఆయన, ప్రమాణం చేసి సైన్యంలో చేరినవాడు కాల్చుమన్న ఆజ్ఞను ధిక్కరించుట తప్పేనని, సిపాయిలకు అవిధేయత నేర్పితే రేపు స్వరాజ్యప్రభుత్వానికి కూడ ఆ ఇబ్బందే వచ్చునని అభిప్రాయపడినారు. అహింసామూర్తి నోట ఈ మాట చాలమందికి మింగుడు పడలేదు. నాకు కూడ పడదు. కాని ఆ మాటను తేలికగా తోసివేయుటకు వీలు లేదు. ఆజ్ఞను తూచి చూచే హక్కు సిపాయికి ఇస్తే, అశ్వత్థామ కూడ తానే తూచుకొన్నానని చెప్పును. గాంధీగారి దృష్టిలో దారి వేరు: ఆ ఉద్యోగమే వదలవలె. ఇష్టం లేనివాడు తుపాకిని ముందే దించవలె, తీరా గురి పెట్టిన పిదప కాదు. చంద్రసింగ్ దృష్టిలో తుపాకి దించుటకు తగిన క్షణం కళ్ల ఎదుట మనిషి నిలిచిన క్షణమే. స్వతంత్రభారతం ఈ తగవును ఒక విశేషణంతో తీర్చజూచినది. 1950 నాటి సైనికచట్టం నలువదియొకటవ విభాగంలో శిక్షార్హమైనది పై అధికారి ఇచ్చిన 'చట్టబద్ధమైన' ఆజ్ఞను ధిక్కరించుట. ఆ ఒక్క మాటలో చంద్రసింగ్‌కు కొంత చోటు దొరికినది. ఆజ్ఞ చట్టబద్ధమో కాదో నిర్ణయించుటకు సిపాయికి మిగిలే వ్యవధి ఒకటి రెండు నిమిషాలు మాత్రమే. న్యాయస్థానానికి మాత్రం ఏళ్లు పట్టును.

మరల హిజ్లీకి వద్దాము. 1937లో మూసి, 1940లో తెరచిన శిబిరాన్ని 1942లో పూర్తిగా ఎత్తివేసినారు. ఆ అక్టోబరులో వచ్చిన తుపాను, మరుసటి ఏటి కరవు మిదునాపూర్ జిల్లాను ఊడ్చివేసినవి. ఆ వెంటనే, 1944లో, అమెరికా వైమానికసేన దిగినది. ఖరగ్‌పూర్, చాకులియా, పియార్డోబా, దూద్‌కుండీ క్షేత్రాలలో బి-29 అనే భారీవిమానాలు బారులు తీరినవి. ఆనాటికి ప్రపంచంలో అంత దూరం పోగల బాంబువిమానం మరొకటి లేదు. వాటిని నడిపిన ఇరువదవ బాంబరు కమాండుకు ప్రధాన కార్యాలయం ఖరగ్‌పూర్‌లో, ఆ పాత నిర్బంధశిబిరంలోనే వెలసినది. బందీలు నడిచిన వరండాలలో పటాలు పరచినారు. ఆ విమానాల మొదటి దాడి 1944 జూన్ 5న బాంగ్‌కాక్‌లోని మాకసాన్ రైల్వే కార్ఖానాల మీద. ఒక రైల్వే ఊరి నుండి బయలుదేరి మరొక రైల్వే ఊరి మీద పడుట చిత్రమే అయినను, యుద్ధనియమాల దృష్ట్యా ఆక్షేపించుటకు ఏమీ లేదు. కార్ఖానా యుద్ధానికి పనికివచ్చే లక్ష్యం. పది దినాల పిదప జపానులోని యవాటా ఉక్కు కర్మాగారం మీద పడినారు. అదియు అట్టిదే.

1944 ఆగస్టు చివర కర్టిస్ లెమే అనే సేనాని ఖరగ్‌పూర్‌కు అధిపతియై వచ్చినాడు. ముప్పదియెనిమిదేండ్లు నిండనివాడు, మాట తక్కువ, పని ఎక్కువ. ఎంత బరువు మోసినాము, ఎన్ని బాంబులు గురి చేరినవి అనే లెక్కలే అతని ధ్యాస. ఆ కమాండుకు లెక్కల విభాగాన్ని నెలకొల్పినవారిలో రాబర్ట్ మెక్‌నమారా అనే యువకుడు ఒకడు.

చైనాలో యాంగ్‌ట్సీ నది మీద హాంకౌ నగరం జపాను సేనల చేతిలో ఉన్నది, సరుకులకు పెద్ద నెలవు. దానిని నిప్పుబాంబులతో కాల్చుమని అక్కడి అమెరికా వైమానికాధిపతి షెనాల్ట్ కోరినాడు. లెమే మొదట ఒప్పుకొనలేదు. తనకిచ్చిన ఆదేశాలలో ఆ పని లేదనుట అతని అభ్యంతరం. చైనాలోని అమెరికా సేనాధిపతి వెడెమేయర్ పట్టుబట్టిన పిదప పై నుండి ఆజ్ఞ వచ్చినది. 1944 డిసెంబరు 18న చెంగ్డూ దగ్గరి స్థావరాల నుండి ఎగిరిన 84 బి-29 విమానాలు హాంకౌ మీద 500 టన్నులకు పైగా నిప్పుబాంబులు కురిపించినవి. మూడు దినాలు నగరం మండినది. సరుకుల నెలవు కాలినది. దానితో ఇళ్లూ కాలినవి. ఆ ఇళ్లలో ఉన్నవారు శత్రువులు కారు, అమెరికాకు మిత్రదేశమైన చైనా పౌరులు.

ఇక్కడ రెండు సంగతులు గమనించవలె. కృపుడు వారించినది ధర్మం చెప్పి. లెమే వారించినది అధికారపరిధి చెప్పి. ఆజ్ఞాపత్రం రాగానే లెమే అభ్యంతరానికి ఆధారం పోయినది. ఆధారం పోనిదైనను కృపుడు వెళ్లినాడు. వీరిలో ఎవరి తప్పు పెద్దదో చెప్పుట నాకు సాధ్యం కాదు, కాని కృపుని విషయంలో బాధ ఎక్కువ. రెండవది, చట్టం సంగతి. 1907 నాటి హేగ్ ఒప్పందం రక్షణ లేని పట్టణాలను కొట్టరాదన్నది. విమానయుద్ధానికి ప్రత్యేకంగా 1923లో హేగ్‌లో నియమాలు వ్రాసినారు గాని, ఏ రాజ్యమూ వాటిని ఒప్పందంగా అంగీకరించలేదు. కనుక పైనున్న వైమానికునికి గీత గీచి చూపినవారు లేరు. అతనికి మనుష్యులు కనబడరు, కిందనున్న దీపాలు, మంటలు మాత్రమే కనబడును. ఎత్తు మనస్సును మొద్దుబార్చునని చాలమంది అంటారు. అందులో నిజం లేకపోలేదు. కాని హిజ్లీ సిపాయికి ఎత్తు అడ్డు లేదు. తాను కాల్చినవారి ముఖాలు అతడు ప్రతిదినం చూచినవే.

హాంకౌలో నేర్చిన పాఠం ఖరగ్‌పూర్‌లో ఆగలేదు. 1945 జనవరిలో లెమే పసిఫిక్ దీవులకు బదిలీయైనాడు. మార్చి 9-10 రాత్రి 279 బి-29 విమానాలు టోక్యోను నిప్పుబాంబులతో కాల్చినవి. ఆ ఒక్క రాత్రి దాదాపు లక్షమంది చనిపోయినారు. నిద్రించేవారి మీద రాత్రివేళ పడుట. అశ్వత్థామ పద్ధతికి కొత్త పరికరాలు. మనం ఓడిపోయి ఉంటే యుద్ధనేరస్థులుగా విచారణకు నిలువవలసివచ్చేదని లెమే తనతో అన్నట్లు మెక్‌నమారా 2003 నాటి ఒక చలనచిత్రంలో చెప్పినాడు. లెక్క తెలిసినవాని మాట. తెలియక చేసినాడని ఇక ఎవరూ అనలేరు.

యుద్ధం ముగిసినది. 1949 జెనీవా ఒప్పందాలు చేతికి చిక్కినవారికి, గాయపడినవారికి, పౌరులకు రక్షణ విధించినవి. 1960లో మన పార్లమెంటు వాటిని చట్టం చేసినది. హిజ్లీ భవనంలో 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. వెలసినది. ఆ విద్యాలయం ఆకాశంలోనే 1965 సెప్టెంబరు 7న మరొక ఘట్టం జరిగినది. ఆ ఉదయం ఢాకా నుండి వచ్చిన పాకిస్తాన్ సేబర్ విమానాలు దగ్గరలోని కలైకుండా వైమానికస్థావరం మీద పడి, నేల మీద నిలిచి ఉన్న మన కాన్‌బెర్రా, వాంపైర్ విమానాలను ధ్వంసం చేసినవి. రెండవసారి వచ్చినప్పుడు మన హంటర్లు ఎదురైనవి. ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్ఫ్రెడ్ కుక్, ఫ్లయింగ్ ఆఫీసర్ మాంగాయిన్ చాల తక్కువ ఎత్తులో, విద్యార్థులు చూస్తూ ఉండగా పోరాడినారు. పాకిస్తాన్ వైమానికుడు అఫ్జల్ ఖాన్ మరణించినాడు. కుక్‌కు, మాంగాయిన్‌కు వీరచక్రాలు లభించినవి. ఆ దాడి చేసిన పటాలమూ, దానిని ఎదిరించిన పటాలమూ రెండూ తమ తమ సేనలలో పదునాలుగవ స్క్వాడ్రన్లే. రథికుడు రథికునితో అన్న సమయానికి ఖరగ్‌పూర్ చరిత్రలో సరిపడిన ఘట్టం ఇదొక్కటే.

అయినను ఆ ఉదయపు మొదటి దాడి మాట? నేల మీద నిలిచిన విమానాలను కొట్టుట నేటి చట్టానికి సమ్మతమే. ఆ చట్టం ప్రకారం నిద్రించే సైనికుని చంపుట సైతం నేరం కాదు. లొంగినవానిని, గాయపడి పోరలేనివానిని, బందీని చంపుటే నేరం. ఈ లెక్కన ధృష్టద్యుమ్నుని శిబిరం చట్టబద్ధమైన లక్ష్యమే కావచ్చును. వ్యాసుడు ఒప్పుకొనడు, తిక్కన కూడ ఒప్పుకొనలేదు. మన చట్టం కొన్నిచోట్ల భారతాన్ని మించినది. ఈ చోట మాత్రం వెనుకబడియున్నదని నేననుకొంటాను. సైనికులలో చాలమంది నాతో ఏకీభవించరని కూడ ఎరుగుదును. రాత్రి దాడిలో తమవారు తక్కువమంది చచ్చెదరని వారి సమాధానం. దానికి మారు చెప్పగల ధైర్యం యుద్ధం చూడని నాకు లేదు.

హిజ్లీ భవనానికి ఇప్పుడు షహీద్ భవన్ అని పేరు. 1990 నుండి అందులో నెహ్రూ పేరిట విజ్ఞానప్రదర్శనశాల నడుస్తున్నది. ఆ ఇంట్లో కొంతకాలం కూర్చున్న లెమే 1961లో అమెరికా వైమానికసేనకు సర్వాధిపతియైనాడు. మెక్‌నమారా అదే ఏడు రక్షణమంత్రియైనాడు. 1964లో జపాను ప్రభుత్వమే లెమేకు తన ఉన్నతబిరుదులలో ఒకటి ఇచ్చినది, యుద్ధానంతరం జపాను వైమానికసేనను తీర్చిదిద్దుటలో సాయపడినందుకు.

భారతకథలోను ఇట్టిదే జరిగినది. అశ్వత్థామకు శాపం తగిలినది. తలమీది మణి పోయినది. మానని పుండుతో అడవులు పట్టినాడు. కృపునికి ఏ శిక్షయూ లేదు. పాండవులు మహాప్రస్థానానికి బయలుదేరేముందు, అశ్వత్థామ అస్త్రం తల్లికడుపులోనే తగిలి బ్రతికిన పరీక్షిత్తునకు ఆయుధవిద్య నేర్పుటకు ధర్మరాజు నియమించినది ఆ కృపునినే.